యాభై దాటాక స్కూబా నేర్చుకున్నవాళ్ళున్నారా? ధైర్యం చెప్పకండి, ఇబ్బందులు చెప్పండి

ఒడ్డున_ఒకడు
నాకు 57. ఈత వచ్చు, అంటే మునిగిపోకుండా ఉండగలను, అంతవరకే. మా అమ్మాయి నన్నడక్కుండానే ఇద్దరికీ, సిలిండరుతో నీటి అడుగుకి దిగే స్కూబాలో మొదటి మెట్టయిన ఓపెన్ వాటర్ కోర్సుకి పేర్లిచ్చేసింది. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటాను. చదవాలంటే కళ్ళజోడు కావాలి. ఒక మోకాలు మెట్లు దిగేటప్పుడు సణుగుతుంది. వీడియోల్లో చూస్తే పాతికేళ్ళ పిల్లలు పడవ అంచున కూర్చుని వెనక్కి పల్టీలు కొడుతున్నారు. వాళ్ళ సంగతి నాకెందుకు?

వయసు ఒక అంకె మాత్రమే లాంటివి దయచేసి రాయకండి. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి అసలు చిక్కు ఎక్కడొచ్చింది, భయపడ్డంత కష్టం కానిదేమిటి, అది చెప్పండి చాలు.

నీలిరంగు
నేను 61లో నేర్చుకున్నానండీ. ముందు ఈత సంగతి తేల్చేద్దాం, మీరు దానికే ఎక్కువ కంగారు పడుతున్నట్టున్నారు. పాడీవాళ్ళు (డైవింగ్ నేర్పి కార్డులిచ్చే సంస్థ) అడిగేది ఆగకుండా 200 మీటర్ల ఈత, లేదా మాస్కు, ఫిన్లు (కాళ్ళకి తొడిగే రెక్కలు), స్నార్కెల్ (ఊపిరి గొట్టం) పెట్టుకుని 300 మీటర్లు. తర్వాత ఏ ఆధారమూ లేకుండా 10 నిమిషాలు నీళ్ళమీద తేలుతూ ఉండాలి. ఎంతసేపట్లో ఈదాలన్న లెక్క లేదు. ఏ పద్ధతిలో ఈదినా సరే. నాది ముసలి కప్ప ఈత, ఎవరూ కిక్కురుమనలేదు. వయసుకి కింద హద్దు 10 ఏళ్ళు. పైన హద్దు లేదు.

నా తిప్పలన్నీ చెవులతోనే. నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణమంత ఒత్తిడి కలుస్తూ పోతుంది. పైన 1 ఉంటే, 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3. ఒత్తిడి రెట్టింపయ్యేది మొదటి 10 మీటర్లలోనే అన్నమాట. తక్కువ లోతులో చెవులకి పనేముంటుంది అనుకుంటాం కానీ, ఎక్కువ పని అక్కడే. నాకు 2 మీటర్లకే పొడిచినట్టయింది.

మాతో ఉన్న పిల్లలు సర్రున దిగిపోయారు. నేను తాడు పట్టుకుని, కాళ్ళు కిందకి పెట్టి, జానెడు జానెడు దిగుతున్నాను. చెవి చూపించి అరచెయ్యి అటూ ఇటూ ఊపగానే మా టీచరమ్మ నన్ను ఒక మీటరు పైకి తీసుకెళ్ళింది. ముక్కు మూసుకుని గుటక వేస్తే కుడిచెవి టిక్కుమంది. ఎడమది ఉలకదు పలకదు. తల కుడి భుజం వైపు వంచి, దవడ ముందుకి పెట్టి ఇంకోసారి గుటక వేశాక అదీ తెరుచుకుంది. ఇదంతా అయ్యేసరికి కిందున్న పిల్లలకి విసుగొచ్చి ఉంటుంది, వాళ్ళ ఖర్మ.

గాలికబుర్లు
ఏమీ అనుకోకండి, అసలు ఈ వయసులో ఎందుకండీ ఇదంతా? చేపల్ని చూడాలంటే అడుగున అద్దమున్న పడవలో కూర్చుని చూడొచ్చు. బీపీ, మోకాలు, కళ్ళు అని మీరే జాబితా రాశారు. నీళ్ళలో మనకేదైనా అయితే పక్కనున్నవాళ్ళ ప్రాణాలకీ ముప్పే కదా?

తెల్లగౌను_రిటైర్డ్
గాలికబుర్లు గారూ, మీ ఆఖరి మాట కొట్టిపారేసేది కాదు. గుండె వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను, ఆ తర్వాతే డైవింగ్‌లోకి వచ్చాను. పెద్ద వయసు డైవర్ల మరణాల్లో గుండె జబ్బు వాటా తక్కువేం కాదు. కానీ దానికి మందు ఒడ్డున కూర్చోవడం కాదు, ముందే చూపించుకోవడం.

ఒడ్డున_ఒకడు గారూ, కోర్సులో చేరగానే మీకొక ఆరోగ్య ప్రశ్నపత్రం ఇస్తారు. 2020లో దాన్ని కొత్తగా రాశారు, ఇప్పుడు చాలా సంస్థలు వాడేది అదే. అందులో 45 దాటారా అని ఒక ప్రశ్న. దాటితే ఇంకో పెట్టెలోకి పంపిస్తుంది: పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఎక్కువా, బీపీ ఉందా, దగ్గరి రక్తసంబంధీకులెవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయారా అని. మీకు బీపీ ఉంది కాబట్టి అక్కడ అవును అని రాయాల్సిందే. రాస్తే డాక్టరు సంతకం కావాలి. ఆ సంతకం తప్పించుకోవడానికి కాదు కాదు అని కొట్టేసేవాళ్ళని చూశాను. దయచేసి మీరు ఆ పని చెయ్యొద్దు.

డాక్టరు దగ్గర బీపీ ఒక్కటే చూపించుకుని రాకండి. శ్రమకి మీ గుండె ఎంత తట్టుకుంటుందో అడగండి. డైవింగ్ వైద్యులు తరచూ చెప్పే కొలత 6 మెట్స్, అంటే ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావలసిన ఆక్సిజన్‌కి ఆరింతలు. ట్రెడ్‌మిల్ పరీక్షలో అది తెలుస్తుంది. మీ మాత్ర ఏ రకమో కూడా చెప్పండి. బీటా బ్లాకర్లయితే గుండె వేగం పెరగాల్సినప్పుడు పెరగనివ్వవు, ఎదురు ప్రవాహంలో ఈదాల్సి వచ్చినప్పుడు ఆ తేడా తెలిసొస్తుంది.

ఇంకొకటి, కోర్సుల్లో పెద్దగా చెప్పరు. నీళ్ళలో దిగగానే కాళ్ళలో, చేతుల్లో ఉన్న రక్తం ఛాతీ వైపు మళ్ళుతుంది. (నీళ్ళలో దిగిన కాసేపటికే ఒంటికి వెళ్ళాలనిపించడానికీ కారణం ఇదే, సిగ్గు పడకండి.) బీపీ ఉన్నవాళ్ళకి, వయసు మళ్ళినవాళ్ళకి అరుదుగా ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. సముద్రపు నీరు కాదు, మన ఒంటి నీరే. లోతుతో పని లేదు, ఈదుతూ పైన ఉన్నా రావచ్చు. చల్లటి నీళ్ళు, బిగుతు సూటు, హడావిడి ఈత దీన్ని పెంచుతాయి. పెద్ద శ్రమేమీ లేకుండానే ఆయాసం, దగ్గు మొదలైతే వయసు వల్లలే అని సర్దుకోవద్దు. డైవ్ ఆపేసి మామూలు వేగంతో పైకి రండి, నీళ్ళలోంచి బయటికొచ్చి ఆక్సిజన్ అడగండి.

గాలికబుర్లు
ఇది వినడానికే భయంగా ఉంది. నా మాటే నిజమైంది.

తెల్లగౌను_రిటైర్డ్
తెలిసి భయపడితే మంచిదేనండీ.

మీసాలాయన
అన్నా, నాకు 55 ఉండంగ అయింది కోర్సు. పెద్ద పెద్ద ముచ్చట్లు అక్కయ్యలు చెప్పిన్రు, నేను చిన్నయి చెప్త.

మీసం. మాస్కు ముక్కు కింద ఆనేకాడ మీసం ఉంటే నీళ్ళు ఊరుతనే ఉంటయి. తీసెయ్యమని చెప్పిన్రు, నేను ఒప్పుకోలే. ముక్కు కింద సన్నగ ఒక గీత మందం గొరుగుకున్న, పైన జరంత సిలికాన్ గ్రీజు రాసుకున్న. వాజ్‌లైన్ మాత్రం పూయకు, మాస్కు రబ్బరు ఖరాబ్ అయితది.

కండ్లు. నీళ్ళల్ల అన్నీ మూడోవంతు పెద్దగ కనిపిస్తయి. చేప మంచిగనే కనిపిస్తది గని చేతిల ఉన్న గేజీ మీద అంకెలు కనిపియ్యయి. సిలిండర్ల గాలి ఎంత ఉన్నదో చదవకుంటే ఎట్ల? మాస్కు అద్దం కిందికి లోపలి దిక్కు అతికిచ్చుకునే భూతద్దం బిళ్ళలు దొరుకుతయి, అవి పెట్టుకున్న. దూరం చూపు గూడ లేనోళ్ళకు నంబరు అద్దాల మాస్కులే వస్తయి. చేతి కంప్యూటర్ (లోతు, టైము చూపెట్టేది) కొంటే పెద్ద అంకెలది చూసి కొను.

మోకాలు. సిలిండరు, గాలి నింపే జాకెట్టు, మునిగేతందుకు కట్టే సీసం బరువులు అన్నీ కలిస్తే 20 కిలోల పైననే. అది ఈపుకేసుకుని ఊగుతున్న పడవ మీద నడిస్తేనే మోకాలు పోతది, నీళ్ళల్ల ఏం కాదు. నేనైతే ఒట్టిగ దిగుత. సామాను జాకెట్ల గాలి నింపి నీళ్ళ మీదికి దించుతరు, ఆడనే తొడుక్కుంట. వచ్చేటప్పుడు గూడ ముందు సామాను ఇచ్చేసి ఎనక నిచ్చెన ఎక్కుత. అడుగుతే చాలు, ఎవ్వరూ కాదనరు.

బుడగలు
కోర్సులు చెప్పడం నా వృత్తి. మీసాలాయన గారు చెప్పింది అక్షరాలా నిజం, అడగడమే మావాళ్ళకి (అంటే యాభై దాటినవాళ్ళకి, నాకూ దాటింది) రాదు. కుర్రాళ్ళ ముందు తగ్గకూడదని నొప్పి ఓర్చుకుంటారు. చెవి నొప్పి ఓర్చుకోవలసింది కాదు. నొప్పి వచ్చాక ముక్కు మూసుకుని ఊదడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే, చెవికీ గొంతుకీ మధ్య గొట్టం అప్పటికే నొక్కుకుపోయి ఉంటుంది. బలంగా ఊదితే లోపలి చెవికి దెబ్బ. అందుకని నీటి పైన ఉండగానే ఒకసారి, ఆ తర్వాత నొప్పి రాకముందే అడుగడుక్కీ. జలుబు చేస్తే ఆ రోజు డైవ్ లేదు. ముక్కు దిబ్బడకి మందు వేసుకుని దిగితే, కింద ఉండగా దాని పని అయిపోయి పైకొచ్చేటప్పుడు చెవిలో గాలి ఇరుక్కుంటుంది. దిగడం మానుకోవచ్చు గానీ పైకి రావడం మానుకోలేం కదా.

బరువుల గురించి ఒక మాట. కొత్తవాళ్ళకి సీసం ఎక్కువ కట్టేసి అడుగున కూర్చోబెట్టడం కొన్నిచోట్ల అలవాటు. చెప్పేవాడికి సుఖం, నేర్చుకునేవాడికి నరకం. బరువెక్కువైతే జాకెట్లో గాలి ఎక్కువ నింపాలి, ఒళ్ళు ఏటవాలుగా వేలాడుతుంది, ప్రతి కాలు ఊపుకీ ఆయాసం. మోకాళ్ళు, నడుము ముందు మొరాయిస్తాయి. సరిచూసుకునే పద్ధతి తేలికే. జాకెట్లో గాలంతా తీసేసి, మామూలుగా ఊపిరి పీల్చి నిలువుగా ఉంటే నీళ్ళు కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా దిగాలి. నిండు సిలిండర్‌తో చూస్తే దానిమీద ఇంకో 2 కిలోలు, ఎందుకంటే గాలి ఖర్చయ్యేకొద్దీ సిలిండరు తేలికవుతుంది.

ఇక తప్పకూడని నియమం ఒక్కటే, ఊపిరి బిగబట్టకూడదు. 10 మీటర్ల దగ్గర నిండా పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెండింతలవుతుంది. కొలనులో మీటరు పైచిలుకు లోతు నుంచి బిగబట్టి లేచినా ఊపిరితిత్తి చిరగొచ్చు. కంగారు పడ్డ మనిషి మొదట చేసేది బిగబట్టడమే, తర్వాత పైకి దూసుకుపోవడం. మేం నేర్పే విన్యాసాలన్నీ ఆ రెండూ చెయ్యకుండా ఉండడానికే.

ఒడ్డున_ఒకడు
మీసాలాయన గారూ, నీళ్ళలోనే సామాను తొడుక్కోవచ్చని ఒక్కరూ చెప్పలేదు నాకు. సగం భయం అక్కడే పోయింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాను, ట్రెడ్‌మిల్ రాశారు.

మిగిలిన సగం: మాస్కులోకి నీళ్ళు నింపి ఖాళీ చెయ్యాలట, తర్వాత మాస్కు తీసేసి మళ్ళీ పెట్టుకోవాలట. నేను షవర్ కింద ముఖం పెట్టినా గుటకలు మింగే మనిషిని.

పొద్దుతిరుగుడు
ఇదిగో నా వంతు వచ్చింది. 52లో మొదలుపెట్టాను, అందరూ చెవులంటారు, నాకు చెవుల్లో ఏ బాధా లేదు. మాస్కు దగ్గర మాత్రం చచ్చాను. నోట్లో రెగ్యులేటర్ (సిలిండరు గాలి అందించే పరికరం) ఉంది, గాలి వస్తూనే ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. కానీ నీళ్ళు ముక్కుకి తగలగానే ముక్కు దానంతటదే పీల్చేస్తుంది. అదే అసలు రోగం. మాస్కు మీద, నీళ్ళ మీద భయం కాదు.

అది తెలిశాక ఇంట్లో సాధన చేశాను. వెడల్పు గిన్నెలో గోరువెచ్చని నీళ్ళు, నోట్లో స్నార్కెల్, మాస్కు లేకుండా ముఖం ముంచడం. మొదట్లో కళ్ళు మూసుకునే. నోటితో పీల్చి, ముక్కుతో కొంచెం కొంచెం వదలడం. ముక్కులోంచి బుడగలు వస్తున్నంతసేపూ నీళ్ళు లోపలికి రావు. వదలడం ఆపినా పీల్చకుండా ఉండగలగాలి, అది వచ్చేదాకా వదిలిపెట్టలేదు. తర్వాత కళ్ళు తెరిచాను. ఆ తర్వాత ఎవరితోనైనా మాట్లాడించుకుంటూ చేశాను, ధ్యాస పక్కకి పోయినా ముక్కు మాట వినాలి కదా. మా ఇంట్లోవాళ్ళు నన్ను చూసి నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు.

ఇక అసలు మాస్కు ఖాళీ చెయ్యడం: పైచూపు చూస్తూ, ఫ్రేము పై అంచుని నుదుటికి అదిమి, ముక్కుతో తాపీగా వదలాలి. నీళ్ళు కింది అంచు నుంచి పోతాయి. గట్టిగా చీదక్కర్లేదు. చీదితే గాలి పక్కలనుంచి పోయి నీళ్ళు అలాగే ఉంటాయి. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్ళు కళ్ళు మూసుకునే చెయ్యొచ్చు, తప్పు కాదు.

సగందారి
నేను పూర్తి చెయ్యలేదు, ఆ మాట కూడా ఇక్కడ ఉండాలని రాస్తున్నాను. 59లో చేరాను. కొలను దాకా బాగానే ఉంది. సముద్రంలో కింద ఏమీ కనపడని ఆకుపచ్చ మసకలోకి తాడు దిగిపోతుంటే, ఇది నాకొద్దు అనిపించింది. బొటనవేలు పైకి చూపించాను. (కొత్తవాళ్ళకి: నీళ్ళలో ఆ సైగకి పైకెళ్దామని అర్థం, బాగుందని కాదు. బాగుందంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.) టీచరు ఎందుకని అడగలేదు, తనూ బొటనవేలు చూపించి నాతో వచ్చేశాడు. ఇప్పుడు స్నార్కెల్‌తో తిరుగుతున్నాను, హాయిగా ఉన్నాను. గాలికబుర్లు గారు మొదటినుంచీ చెప్పింది ఇదే కదా అంటారేమో, కాదు. వెళ్ళి చూసి వద్దనుకోవడం వేరు.

బుడగలు
సగందారి గారూ, ఎప్పుడైనా మనసు మారితే మధ్యలో ఒక మెట్టుంది. పాడీలో స్కూబా డైవర్ అని ఒక కార్డు, కోర్సు సగమే. శిక్షకుడి వెంట 12 మీటర్ల వరకు వెళ్ళొచ్చు. పూర్తి ఓపెన్ వాటర్‌కి 18 మీటర్లు. నిజానికి రంగులు, వెలుతురు, పగడాల సందడి అంతా పైన 12 మీటర్లలోనే ఎక్కువ. కిందికి పోయేకొద్దీ ముందు ఎరుపు పోతుంది, అన్నీ నీలంగా కనిపిస్తాయి. లోతు లెక్కలు చెప్పుకోవడం కుర్రాళ్ళకి వదిలేద్దాం.

నీలిరంగు
అలా అనకండి, రే వూలీ అని ఒక పెద్దాయన 2018లో తన 95వ ఏట సైప్రస్ దగ్గర మునిగిన జెనోబియా ఓడ దాకా 40 మీటర్లు దాటి దిగి రికార్డు పెట్టాడు!

తెల్లగౌను_రిటైర్డ్
ఆయన దశాబ్దాల తరబడి డైవింగ్ చేస్తూ వచ్చిన మనిషండీ. అరవైలో మొదలుపెట్టే మనకి ఆయన లెక్క కాదు. 30 మీటర్ల దగ్గర నుంచి నైట్రోజన్ మత్తు కూడా మొదలవుతుంది. కొలతకి ఆయన్ని పెట్టుకోవద్దని నా మనవి, దణ్ణం పెట్టుకోవడానికైతే సరే.

మనం చెయ్యగలిగినవి వేరే ఉన్నాయి. పైకి రావడం నిమిషానికి 9 మీటర్లు మించకుండా. పాత పుస్తకాల్లో 18 అని ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగడం ఎప్పుడూ మానొద్దు. నైట్రాక్స్ కోర్సు చేస్తే, ఆక్సిజన్ పాలు ఎక్కువ, నైట్రోజన్ తక్కువ ఉన్న గాలి తీసుకుని, కంప్యూటర్‌ని మాత్రం మామూలు గాలి లెక్కలోనే ఉంచుకుంటే అదనపు జాగ్రత్త. అప్పుడు ఎంత లోతు దాటకూడదో ఆ కోర్సులోనే చెప్తారు, అది మర్చిపోవద్దు. డైవ్ తర్వాత విమానం: ఒక్కటే డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుసగా చేసుంటే 18 గంటలు ఆగాలి. తర్వాత కీళ్ళు నొప్పెట్టినా, తిమ్మిర్లెక్కినా ఇది పాత కీళ్ళనొప్పే అని మాత్రం అనుకోకండి, ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కట్టినా ఇలాగే ఉంటుంది. మన వయసులో పెద్ద ప్రమాదం ఆ సర్దుబాటే.

ఒడ్డున_ఒకడు
ట్రెడ్‌మిల్ అయింది, సంతకం వచ్చింది. గిన్నెలో ముఖం ముంచడం సాగుతోంది. మా అమ్మాయి వీడియో తీసి చుట్టాలందరికీ పంపింది.

ఇంకో సందేహం, అడగడానికి కొంచెం ఇదిగా ఉంది. నాకు కింద కుడివైపు రెండు కట్టుడు పళ్ళు, తీసి పెట్టుకునేవి. వాటితోనే దిగొచ్చా?

మీసాలాయన
ఏం కాదన్నా, నాకు గూడ పైన ఒకటుంది. అయితే నాది కదలది.

తెల్లగౌను_రిటైర్డ్
కదలడమే ఇక్కడ అసలు సంగతి. బిగువుగా ఉంటే పెట్టుకునే దిగనిస్తారు. వదులుగా ఉంటే తీసెయ్యాలి, ఊడి గొంతుకి అడ్డం పడొచ్చు. కాకపోతే రెగ్యులేటర్‌ని పట్టుకునేది పళ్ళే, అవి తీసేస్తే ఆ వైపు పట్టు ఉండదు, దవడ నొప్పి పుడుతుంది. వేడినీళ్ళలో మెత్తబరిచి మన పంటి అచ్చుకి తగ్గట్టు మలుచుకునే మౌత్‌పీసులు ఉన్నాయి. పళ్ళు తీసేసి, ఆ అచ్చుతో మలుచుకోండి. పళ్ళ డాక్టరుకి మౌత్‌పీసు చేతికిచ్చి చూపించండి, మాటల్లో చెప్తే వాళ్ళకి అర్థం కాదు. పుచ్చుకి నింపినవేమైనా వదులయ్యాయేమో కూడా అప్పుడే చూడమనండి. సందులో గాలి ఉంటే కింద పన్ను పీకేస్తుంది.

ఒడ్డున_ఒకడు
వదులే. అన్నం తినేటప్పుడే కదులుతాయి. సరే, మౌత్‌పీసు కొని తీసుకెళ్తాను.